కెర్తు నవ్వు

ఔలిస్ ఆ ఉదయం కూడా క్యాసెట్లు ఒక్కొక్కటే తీసి తుడుస్తున్నాడు. పగుళ్లు తీసిన వేళ్లు, ఎడమకు ఒరిగిన నడుం. చలిదేశపు ఔలు పట్నంలో వీడియోలు అద్దెకిచ్చే కొట్టు ఇదొక్కటే మిగిలింది. ప్రతి పెట్టె మీదా అతని చేతిరాతతో ఒక చీటీ ఉంటుంది: "చలిలోంచి తెచ్చాక కాస్త వేడెక్కనిచ్చి వేయండి." ఆ మాట వినకుండా టేపులు పాడుచేసిన వాళ్లను అతను ఏళ్ల తరబడి చెడామడా దులిపేశాడు.

హాంబర్గ్ నుంచి వచ్చిన పాత సినిమాల సేకరణదారు డెట్లెఫ్ కొట్టు తెరిచినప్పటి నుంచీ కదలడం లేదు. అతనికి ‘మంచు తోసేవాడి పెళ్లికూతురు’ కావాలి. అప్పట్లో దిక్కూమొక్కూ లేకుండా పోయిన ప్రేమ సినిమా, అందులో పెళ్లిపెద్ద ఒక బాతు. ఇప్పుడు దాని కోసం సేకరణదారులు పడిచస్తున్నారు.

"పెళ్లాడతావా అని అడగబోయి హీరో నిజంగానే జారిపడతాడు. ఆ పిల్ల పగలబడి నవ్వేస్తుంది. అలాంటి నవ్వు ఇంకెక్కడుందండీ?"

"ఆ పిల్ల మా ఆవిడే. అమ్మను బాబూ."

"పోనీ, కాపీ అయినా తీసిపెట్టనా?"

"రేపు చూద్దాంలే."

అరిగిపోతుందన్న భయంతో ఔలిస్ ఆ రేపును ఎన్నో ఏళ్లుగా వాయిదా వేస్తున్నాడు. రొట్టెల బట్టీలో పనిచేసిన అతని భార్య కెర్తు నటించింది ఆ ఒక్క సినిమాలోనే. పక్షవాతం ఆమె మాటను, నవ్వును తీసుకుపోయి ఆసుపత్రి మంచాన పడేసింది. ఇక ఆ గొంతు ఈ టేపులోనే ఉంది.

ఆసుపత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. "వెంటనే రండి. ఎంతోసేపు ఉండకపోవచ్చు."

టేపును కోటు జేబులో కుక్కుకుని, ఎముకలు కొరికే చలిలో నడిచాడు.

కెర్తు కళ్లు తెరిచే ఉన్నాయి. "ఉండవే, నిన్ను నీకే చూపిస్తా," అంటూ టేపును వార్డులోని వీడియో మిషన్‌లోకి తోశాడు. చేతికి మంచుగడ్డలా తగిలినా ఆగలేదు. హీరో జారాడు. తెర మీద కెర్తు నోరు తెరిచింది. అంతలో, చలిలోంచి వేడి గదిలోకి రాగానే పట్టిన చెమ్మకు టేపు అంటుకుపోయి, లోపల కరకరా నలిగింది.

"నా చేతులు పడిపోను!" మిషన్‌లో వేళ్లు దూర్చి నలిగిన టేపును లాగుతూనే ఉన్నాడు. నర్సు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక వదిలేయండి. ఆవిడ వెళ్లిపోయారు."

అతని వీపు కెర్తు వైపే ఉంది. ఆఖరి చూపు కూడా దక్కలేదు.

సాయంత్రం కొట్టుకు వస్తే డెట్లెఫ్ అక్కడే ఉన్నాడు. సంగతి విని తల దించుకున్నాడు. "పెట్టె ఒక్కటైనా ఇస్తారా? మాలాంటి వాళ్లకు అదీ అపురూపమే," అన్నాడు మెల్లగా.

బల్ల మీద ఖాళీ పెట్టె తెరిచి ఉంది, దాని మీద ఔలిస్ చేతిరాత: కాస్త వేడెక్కనిచ్చి వేయండి.