మూడు వందల పన్నెండు కలువ బొమ్మలు

పొద్దున్న పదిన్నరకి సైదు పెద్దింట్లమ్మ మూడోసారి వచ్చి కౌంటరు ముందు నిలబడేసరికి నజ్నీన్‌కి విసుగొచ్చింది. ఆవిడది కొల్లేట్లో ఒక లంక గ్రామం. అక్కణ్ణించి దోనెలో ఒడ్డుకొచ్చి, రెండు ఆటోలు మారి, ఏలూరు పవర్‌పేటలో ఉన్న ఈ కంప్యూటర్ సెంటరు దాకా రావాలంటే పూట గడిచిపోతుంది. వచ్చి అడిగేది మాత్రం ఒకటే మాట. ముందు రెండుసార్లూ స్కానింగు కుర్రాడు సత్తిబాబు ఏదో చెప్పి పంపేశాడు. ఇవాళ కౌంటర్లో నజ్నీన్ ఉంది.

"కాయితం తీసుకోవా అమ్మాయ్?" అంది పెద్దింట్లమ్మ.

అసలు సంగతి ఏమిటంటే, కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టేశాక, బతుకుతెరువు పోయిన కుటుంబాలకి దోనె, వలలు ఇస్తామని ఒక పథకం పెట్టారు. ఆ ఊళ్ళోనే ఉంటున్నామని రుజువు చూపే కాగితం ఇంటికొకటి తీసుకుని, స్కాన్ చేసి, రేషన్ కార్డు నంబరునే ఫైలుకి పేరుగా పెట్టి, జాబితాతో సహా సీడీలోకి ఎక్కించి ఇచ్చే పని జగ్గారావు గారి సెంటరుకి వచ్చింది. మొత్తం రెండు వేల నూట నలభై కుటుంబాలు. ఫోల్డర్లో ఎవరి ఫైలు ఉందో ఎవరిది లేదో ఒక్కొక్కటీ వెతుక్కుంటూ కూచుంటే ఏడాది పడుతుంది. అందుకని నజ్నీన్ ఎక్సెల్‌లో ఒక మాక్రో రాసింది. బటన్ నొక్కితే అది జాబితాలో పైనుంచి కిందికి దిగుతూ, ప్రతి నంబరుకీ ఆ పేరుతో ఫైలు కనిపిస్తే "ఉంది" అనీ, కనిపించకపోతే "లేదు" అనీ పక్క గడిలో రాసేస్తుంది. నలభై సెకన్లలో పని పూర్తి. ఆ నలభై సెకన్లూ నజ్నీన్ చేతులు కట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి చూసేది. అంత మురిపెం.

"లేదు" అని పడ్డవాళ్ళని పథకం వాళ్ళు రెండో విచారణకి పిలుస్తారు. కాగితం పట్టుకెళ్ళి చూపించుకోవచ్చు. "ఉంది" అని పడ్డవాళ్ళని ఇంక పిలవరు. పై ఆఫీసువాళ్ళు ఆ ఫైలు తెరిచి చూసి, కాగితం సరిగ్గా లేదనుకుంటే పేరు కొట్టేస్తారు. కొట్టేశాక మళ్ళీ అడిగే వీల్లేదు. అంటే ఈ జాబితాలో "లేదు" అన్నవాడికి ఇంకో అవకాశం మిగిలి ఉంటుంది. తప్పుగా "ఉంది" పడ్డవాడి పని మాత్రం అక్కడితో సరి.

నజ్నీన్ నంబరు కొట్టి చూసింది. "మీది వచ్చేసిందండీ. ఇదిగో, ఉంది అని పడింది. మీరింక తిరగనక్కర్లేదండీ."

పెద్దింట్లమ్మ కదల్లేదు. చేతిలో పాలిథిన్ కవరు ఉంది. దాని మూతి వల దారంతో బిగించి కట్టి ఉంది. "వచ్చేసిందంటే ఎలాగమ్మా? కాయితం నా దగ్గరే ఉంది కదా."

"అది అసలు కాగితమండీ. మేము ఫొటో తీసుకుని అసలుది తిరిగి ఇచ్చేస్తాం. మీకు గుర్తులేదేమో."

"గుర్తు లేకేం! మీవోళ్ళు బళ్ళో మిషను పెట్టిన రోజు, మా వీధి దాకా వచ్చేటప్పటికి కరెంటు పోయింది. మళ్ళీ వస్తామని చెప్పి సర్దేసుకుని ఎళ్ళిపోయారు. మళ్ళీ ఎవరొచ్చారు? ఈ ముడి కట్టాక నేను ఇప్పనేలేదమ్మా. ఇప్పకుండా లోపలి కాయితాన్ని ఫొటో ఎలా తీశారో నువ్వే చెప్పు."

నజ్నీన్ ముడి వైపు చూసింది. తడిసి, ఎండి, బిగుసుకుపోయి ఉంది. కత్తెర పెడితే తప్ప ఊడేలా లేదు. సరే, ఆవిడ తృప్తి కోసం ఫైలు తెరిచి చూపించేస్తే గొడవ వదిలిపోతుందనుకుని తెరిచింది. మూడు వారాల్లో ఆ ఫోల్డర్లో ఒక్క ఫైలైనా తెరవడం అదే మొదలు.

తెర నిండా కలువపూలు. నీళ్ళ మీద ఆకులు పరుచుకుని, మధ్యలో గులాబిరంగు పూలు. కంప్యూటర్ కొన్నప్పుడే అందులో వచ్చే బొమ్మల్లో ఒకటి.

"ఇయ్యేంటి, కలవపూలా?" పెద్దింట్లమ్మ కౌంటరు మీదికి వంగి చూసింది. "నా కాయితంలో పూలేవీ లేవమ్మా. పంచాయితీ ముద్ర ఉంటది, అంతే."

నజ్నీన్ గబుక్కున ఫైలు మూసేసింది. మొహం వేడెక్కిపోయింది. "కాసేపు ఆ బల్ల మీద కూచోండి పెద్దమ్మగారూ, ఇప్పుడే చూసి చెబుతాను" అంది.

ఆవిడ అటు వెళ్ళగానే కింది నంబరు తెరిచింది. కలువపూలు. దాని కిందిది, కలువపూలు. ఇక ఒక్కొక్కటీ తెరవలేక ఫోల్డరంతా సైజు వరసలో పేర్చింది. ఎనభై రెండు కేబీ, ఎనభై రెండు కేబీ, ఎనభై రెండు కేబీ. మౌసు తిప్పుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి. లెక్క తేలేసరికి మూడు వందల పన్నెండు. నిన్న మధ్యాహ్నం మాక్రో "లేదు" అని చూపించింది సరిగ్గా ఆ మూడు వందల పన్నెండునే. ఈ పొద్దున్న వచ్చి చూస్తే ఒక్క "లేదు" కూడా లేదు. సత్తిబాబు వాళ్ళు ఊళ్ళు తిరిగి స్కాన్ చేసుకొచ్చారు కాబోలనుకుని, ఎంత కష్టపడ్డారో అని మనసులో మెచ్చుకుంది కూడా! తన బుద్ధికి తనకే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

స్కానింగు పని చూసే సత్తిబాబు రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వస్తాడు. ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లల తండ్రి. నజ్నీన్ వెళ్ళేసరికి స్కానరు మూత మీద పొట్లం పరుచుకుని పెసరట్టు తింటున్నాడు. మూత అంచున నెయ్యి మరక.

"ఆ కలువపూలు ఎవరు పెట్టారండీ?"

"అదా అండీ!" అని నవ్వాడు. ఇసుమంతైనా బెదరలేదు. "సారు ఇవాళే సీడీ ఇచ్చేయాలన్నారండీ. ఇంకా మూడు ఊళ్ళు ఉండిపోయాయి. అందుకని ఒక బొమ్మ తీసుకుని అన్ని నంబర్లకీ కాపీలు కొట్టేశానండీ. మీరే చెప్పారు కదండీ, మీ మాక్రో ఫైలు పేరే చూస్తుంది, లోపలికి తొంగి చూడదని. చూడండి, ఒక్కటి కూడా పట్టుకోలేదు!"

అవును, చెప్పింది. పోయిన వారం, టీ తాగుతూ, ఎంత తెలివైన మాక్రో రాశానో అని గొప్ప కోసం తనే చెప్పింది. నజ్నీన్ తండ్రి ఖలీల్ తివాచీలు నేస్తాడు. ఎవరైనా తివాచీ తెస్తే పైన ఉన్న పూలు చూడనైనా చూడడు, ముందు బోర్లా తిప్పి వెనక ముడులు చూస్తాడు. అలాంటి ఇంట్లో పుట్టి, మూడు వారాలపాటు తను చూసింది పేరు మాత్రమే. సత్తిబాబు చేసింది ఎంత రోతగా ఉందో, వాడికి ఆ దారి చూపించింది తనేనన్నది అంతకన్నా రోతగా తోచింది.

జగ్గారావు గారి గది చల్లగా ఉంది. ఆయన ఎవరినీ పల్లెత్తు మాట అనడు. మంచి మాటలతోనే అన్ని పనులూ చేయించుకుంటాడు.

"రండి నజ్నీన్ గారూ, కూచోండి. కాఫీ తాగండి. సత్తిబాబు చెప్పాడు. మీరేం కంగారు పడకండి. వాళ్ళు మనల్ని ఏమడిగారండీ? ఫైలు ఉందా అని అడిగారు. ఉందని చూపించాం. ఫైల్లో ఏముందని వాళ్ళూ అడగలేదు, మనమూ చెప్పలేదు."

"పైన తెరిచి చూస్తారు కదండీ."

"చూస్తే చూడనివ్వండి. కాగితం చెల్లదని కొట్టేస్తారు. అది వాళ్ళకీ ఆ ఊరివాళ్ళకీ మధ్య గొడవండీ. స్కానింగు చేయలేదంటే సెంటరుకి మచ్చ. చెల్లని కాగితం ఇచ్చారంటే వాళ్ళకి మచ్చ. మనకేంటండీ?"

అంటే ఈయనకి అన్నీ తెలుసు. సత్తిబాబుది తెలివితక్కువ పనే అనుకుని ఇంతసేపూ ఎక్కడో చిన్న ఆశ పెట్టుకుంది నజ్నీన్. తెలిసి, ఆలోచించి, మూడు వందల పన్నెండు కుటుంబాల నెత్తిన ఆ మచ్చ రాసి, ఏసీ గదిలో కూచుని, కాఫీ తాగండి అంటున్నాడు.

"బయట ఆ పెద్దావిడ కూచుందటగా. పాపం, ఆవిడ ఒక్కదానిదీ స్కాన్ చేసి పెట్టేయండి. పుణ్యం కూడాను" అన్నాడు జగ్గారావు గారు నవ్వుతూ. "ఇంకో మాటండీ. జాబితా సరిచూసినట్టు సంతకం మీరే పెట్టాలి, మాక్రో మీదే కదా. చింతలపూడి వైపు పామాయిల్ రైతుల పని రాబోతోంది. దానికి ఇన్‌ఛార్జి మీరేనండీ. నేను తాడేపల్లిగూడెంలో పెళ్ళికి వెళ్ళాలి. నాలుగింటిలోపు సీడీ ఇచ్చేయండి."

నజ్నీన్ బయటికొచ్చి, నోట్లో ఉన్న కాఫీ వాష్‌బేసిన్లో ఉమ్మేసింది. రెండుసార్లు పుక్కిలించినా ఆ రుచి వదల్లేదు.

జగ్గారావు గారి కారు వెళ్ళిపోయాక కంప్యూటరు ముందు కూచుంది. మాక్రో తెరిచింది. చేర్చాల్సినవి మూడే మూడు వరసలు. ఫైలు కనిపించినంత మాత్రాన సరిపోదు, దాని సైజు కూడా చూడు, అది ఆ కలువపూల బొమ్మ సైజుతో ఒక్క బైటు కూడా తేడా లేకుండా సరిపోతే "లేదు" అని రాయి. సైజైనా చూడమని మొదటిరోజే రాసి ఉంటే పోయేది కదా అని పళ్ళు కొరుక్కుంటూ బటన్ నొక్కింది. ఈసారి వెనక్కి వాలలేదు. గడుల్లో "లేదు", "లేదు" అని పడుతూ ఉంటే ముందుకి వంగి, ఒక్కో పేరూ చదివింది. మూడు వందల పన్నెండు. బొమ్మలన్నీ తీసేసి, మిగిలిన ఫైళ్ళనీ జాబితానీ సీడీలోకి ఎక్కించి, సరిచూశాను అన్న చోట సంతకం పెట్టింది.

సత్తిబాబు వెనక నిలబడి అంతా చూస్తున్నాడు. ఇప్పుడు నవ్వడం లేదు. "సారుకి ఏం చెప్పమంటారండీ?"

"సంతకం నాదని చెప్పండి."

"మీ ఉద్యోగం పోద్దండీ."

"పోతుందండీ" అంది నజ్నీన్, సంచీ భుజాన వేసుకుంటూ. ఇంట్లో ఏం చెప్పాలో ఆమెకి ఇంకా తెలియదు.

పెద్దింట్లమ్మని కూడా రమ్మంది. ఇద్దరూ నడిచే వెళ్ళారు. పథకం ఆఫీసులో సీడీలు తీసుకునే గుమాస్తా పేరు విజయకుమారి. ఆవిడ సీడీ పెట్టి, జాబితా చూసి మొహం చిట్లించింది.

"అన్నీ వచ్చేశాయని పొద్దున్న మీ సారు ఫోన్ చేశారే?"

"రాలేదండీ. మూడు వందల పన్నెండు ఇళ్ళవి తీయలేదు."

"అబ్బా! ఇప్పుడు మళ్ళీ ఊళ్ళకి కబురు పెట్టాలి, టెంట్లు వేయించాలి, విచారణ పెట్టాలి. మీకేమమ్మా, లేదని రాసి పడేస్తారు." సణుక్కుంటూనే రసీదు మీద ముద్ర కొట్టి ఇచ్చింది.

పెద్దింట్లమ్మ గుమ్మం బయట మెట్ల మీద కూచుని ఉంది. నజ్నీన్‌ని చూడగానే లేచింది. "అయిపోయిందా అమ్మా? నా పేరుకి ఏమని ఉంది?"

"లేదు అని రాశానండీ."

"పొద్దున్న ఉందన్నావు."

"అది తప్పండీ. అలా ఉంటే మీ పేరు కొట్టేస్తారు. ఇప్పుడు లేదు అని ఉంది కాబట్టి మిమ్మల్ని విచారణకి పిలుస్తారు. మీ వీధివాళ్ళందరినీ పిలుస్తారండీ. అప్పుడు కాగితం చూపిస్తే..."

"ఉందన్నది నువ్వే, లేదన్నది నువ్వే!" పెద్దింట్లమ్మ గొంతు పెద్దదైంది. మెట్ల మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. "ఒకడు వస్తానన్నాడు, రాలేదు. ఒకడు రేపు రమ్మన్నాడు. నువ్వు పూలు చూపించావు. ఆ పూలు కూడా తీసేసి ఇప్పుడు లేదంటావా? మేవు ఏం చేశావని మమ్మల్నిలా ఆడిస్తున్నారే?"

ఎంత చెప్పినా ఈ మెట్ల మీద ఈ మాట అర్థమయ్యేలా లేదు. "పోనీ, ఆ కవరు ఇలా ఇవ్వండి పెద్దమ్మగారూ. ఎదురుగానే జిరాక్సు షాపుంది. కాపీ తీయించి లోపల ఆవిడ చేతికి ఇప్పుడే ఇచ్చేస్తాను. రెండు నిమిషాలు." నజ్నీన్ చెయ్యి చాచింది.

పెద్దింట్లమ్మ చప్పున ఒక మెట్టు వెనక్కి వేసింది. కవరుని పైట లోపలికి దోపుకుంది. ఆ ఏసీ గదిలో నజ్నీన్ ఎంత చీదరగా జగ్గారావు గారి వైపు చూసిందో, అంత చీదరగానూ ఆవిడ నజ్నీన్ వైపు చూసింది.

"నీకివ్వను. నీకే కాదు, మీలో ఎవరికీ ఇవ్వను. పిలిస్తే నేనే వస్తాను. ముడి నేనే ఇప్పుతాను. చదివేవాడు చదువుతున్నంతసేపూ కాయితం కొస ఒకటి నా చేతిలో ఉండాల్సిందే."

చాచిన చెయ్యి నజ్నీన్ వెనక్కి తీసుకుంది. "అలాగే చేయండి" అంది. "ఇంకోసారి నేను వచ్చి అడిగినా సరే, నాకు ఇవ్వకండి."