హెడ్డుగారి గంజి

మా మామయ్యకి రెండే విషయాల్లో పట్టింపు. ఒకటి చొక్కాకి పెట్టే గంజి, రెండోది గంజాయి. మొదటిది లేకపోతే బయటికి రాడు. రెండోది వినబడితే ఊరుకోడు.

ఆయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. వీధిలో ఇప్పటికీ హెడ్డుగారు అనే పిలుస్తారు. సర్వీసులో సగం గంజాయి మూటలు పట్టుకోడంలో, మిగతా సగం వాటిని తగలబెట్టడంలో గడిచిందని ఆయనే చెబుతాడు. చెప్పనిది అత్తయ్య చెబుతుంది. ఓసారి కుప్పకి నిప్పంటించాక గాలి ఇటు తిరిగిందట. స్టేషనంతా సాయంత్రం దాకా నవ్వుతూనే ఉందట. ఈయన ఇంటికొచ్చి గేటుకి సెల్యూట్ కొట్టి, అది బదులు కొట్టలేదని దాన్ని సస్పెండ్ చేశాడట.

"అది డ్యూటీలో జరిగింది. లెక్కలోకి రాదు," అంటాడాయన.

మా ముందుగదిలో నాది ఇస్త్రీ పని. చదువు తొమ్మిదిలోనే ఆగిపోయింది కాబట్టి చేతిలో ఉన్న విద్య ఇదే. మా ఆయన, అంటే హెడ్డుగారి కొడుకు, లారీ మీద పోతే ఎప్పుడొస్తాడో లారీకే తెలియాలి. మా పాప నాలుగేళ్లది, ముద్దుపేరు బుడంకాయ. దానికి ఫిట్స్. నిద్రలేచే వేళకి వస్తాయి. కళ్లు పైకి పోతాయి, పళ్లు కరుచుకుపోతాయి. మందు మార్చినప్పుడల్లా ఫిట్స్ కొంచెం తగ్గేవి, పిల్ల చాలా తగ్గేది. కూర్చోబెడితే కూర్చునేది, పడుకోబెడితే పడుకునేది. చూసినవాళ్లు "ఎంత బుద్ధిమంతురాలో" అనేవాళ్లు. నేను ఇస్త్రీపెట్టె ఇంకాస్త గట్టిగా అదిమేదాన్ని.

డాక్టరమ్మ ఓరోజు తలుపు దగ్గరికి వేసి చెప్పింది. "ఇంకో మందుంది. గంజాయి మొక్కలోంచి తీస్తారు. మత్తెక్కించేది తీసేసి, మిగిలినదాంతో చుక్కల మందు చేస్తారు. అందరికీ పనిచెయ్యదు. మొండి ఫిట్స్ ఉన్న పిల్లల్లో కొంతమందికి బాగా తగ్గాయి. కానీ మన దగ్గర అనుమతి లేదు. నేను రాయలేను, షాపువాడు అమ్మలేడు."

"మరి?"

"ప్రభుత్వం కమిటీ వేసింది. రోగులకైనా ఇవ్వొచ్చా అని జనాన్ని అడుగుతున్నారు. మన ఊరికీ వస్తారు. వెళ్లి చెప్పు."

నేను నలుగురిలో నా పేరు చెప్పాలన్నా తలుపు చాటుకి పోయే మనిషిని. అయినా మర్నాడు సందేహం తీరక డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, ఆ గంజాయి మందు పిల్లకి..." అంటుండగానే వెనక నుంచి చెప్పుల చప్పుడు.

"ఏంటీ? గంజా?" మామయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

ఫోన్ పెట్టేశాను. ఎదురుగా బకెట్లో గంజి, అందులో ఆయన చొక్కా.

"గంజి మామయ్యా! గంజి."

"డాక్టరుకి ఫోన్ చేసి చొక్కా గంజి గురించి అడుగుతున్నావా?"

"చొక్కాకి కాదు మామయ్యా. పిల్లకి. గంజి పట్టమంది. మంచిదట."

మాట జారిందే కానీ వెనక్కి రాలేదు. ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఫిట్సుకి గంజా? చవగ్గా తేల్చేసిందే. మంచి డాక్టరు."

అంతే. మర్నాటి నుంచి పొద్దున్నే పొయ్యి దగ్గర మామయ్య. జన్మలో గరిటె పట్టని మనిషి బియ్యం కడిగి, గంజి కాచి, ఉప్పేసి, ఊది ఊది మనవరాలి నోట్లో పోసేవాడు. బుడంకాయ బుగ్గలో పెట్టుకుని ఆయన్నే చూసేది. అత్తయ్యకి అసలు సంగతి చెప్పేశాను. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడకి తిరిగి నవ్వింది.

"చెప్పెయ్యమంటారా అత్తయ్యా?"

"ముప్ఫై ఏళ్ల నుంచి ఆయన చేత గ్లాసు కడిగించలేకపోయాను. కొన్నాళ్లు కాయనీ."

కమిటీ వచ్చే రోజు రానే వచ్చింది. మున్సిపల్ ఆఫీసు మీటింగు హాలు. మా వీధి తరఫున వ్యతిరేకంగా మాట్లాడటానికి ఎవర్ని పంపారంటారు? ఇంకెవర్ని, హెడ్డుగార్నే. ఆ చొక్కాకి గంజి పెట్టింది నేనే. నిలబెడితే మనిషి లేకుండానే నడిచి వెళ్లేలా ఉంది. పిల్లని ఎత్తుకుని, అత్తయ్యని వెంటబెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. ఆయన ముందు నేనెలా లేస్తాను? లేవకపోతే పిల్లకి మందెలా వస్తుంది?

మామయ్య మైకు ముందు నిలబడ్డాడు. "తులసివనంలో గంజాయి మొక్క అన్నారు పెద్దలు. ఒక్క మొక్కని రానిస్తే వనమంతా..."

కమిటీలో పెద్దావిడ కళ్లజోడు పైకి తోసింది. "హెడ్డుగారూ, అది సరే. మీ ఇంట్లో జబ్బు మనుషులెవరైనా ఉన్నారా?"

"మనవరాలుందండీ. ఫిట్స్."

"అయ్యో. డాక్టరేమైనా చెప్పారా దీని గురించి?"

"చెప్పింది. గంజి పట్టమంది."

మైకు కీచుమంది. 'గంజి'లో చివరి ముక్క దాని నోట్లోకే పోయింది. పెద్దావిడ పక్కాయన వైపు చూసి, ముందుకి వంగింది. "పట్టమందా? మరి పడుతున్నారా?"

"రోజూ. నా చేత్తో నేనే."

"ఇంట్లోనే!"

"ఇంట్లోనేనండీ. పొద్దున్నే కాస్తాను. కాస్త ఉప్పేస్తాను."

"సరుకు ఎక్కడినుంచి తెస్తున్నారు?"

"మూల మీద కొట్లో. బస్తా ఒక్కసారే తెచ్చి పడేసుకుంటాం."

"బస్తానా!"

"పెద్ద సంసారం కదండీ. పక్కింటివాళ్లకి లేకపోతే వాళ్లకీ ఓ గ్లాసు కొలిచి ఇస్తాం."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దావిడ కళ్లజోడు తీసేసింది. "మీరు పోలీసు డిపార్టుమెంటులో చేశారన్నారు. అప్పుడు కూడా ఇంట్లో ఉండేదా?"

"లేకపోతే ఎలా? యూనిఫాంకి అదే కదా పట్టించేది!"

హాలు హాలంతా ఒక్కసారి పేలింది. వెనక నుంచి ఆయన పాత స్నేహితుడెవరో అరిచాడు. "ఒరే హెడ్డూ! గంజిరా, గంజాయిరా?"

మామయ్య మొహంలో రంగులు మారాయి. పెద్దావిడ వైపు చూశాడు, జనం వైపు చూశాడు, తిన్నగా నా వైపు చూశాడు. స్టేషన్లో ఎదుట నిలబెట్టినవాణ్ణి అలాగే చూసి ఉంటాడు.

"అమ్మాయ్. డాక్టరు చెప్పింది గంజా? గంజాయా?"

అత్తయ్య మోచేత్తో నా డొక్కలో పొడిచింది. లేచాను. బుడంకాయ నా భుజం మీద మత్తుగా నిద్రపోతోంది.

"గంజాయి మామయ్యా."

నవ్వులు ఆగిపోయాయి. ఆగిపోయాక నాకు ఇంకా భయమేసింది. కానీ నోరు తెరిచాను కదా, మూస్తే మళ్లీ తెరుచుకోదని అలాగే చెప్పుకుపోయాను.

"మత్తు తీసేసిన మందట. చుక్కలు. మన డాక్టరమ్మ రాయకూడదట. అమ్మేవాళ్లు లేరా అంటే ఉన్నారు. బస్టాండు వెనక. నేను వెళ్లాను. సీసా చూపించాడు. ఇందులో ఏముంది అంటే, నీకెందుకు, పిల్ల పడుకుంటుంది అన్నాడు. పడుకోడానికి నా పిల్లకి మందు కావాలా? ఇప్పటికే పడుకునే ఉంది. తీసుకోకుండా వచ్చేశాను. తీసుకునే తల్లులూ ఉంటారు. రోజూ పొద్దున్నే నేను చూసేది చూస్తే మీరైనా తీసుకుంటారు."

మామయ్య గొంతు తగ్గించాడు. "బస్టాండు వెనక ఎవడు? చెవికి పోగుంటుందా?"

"మామయ్యా, ఇప్పుడది కాదు..."

"ఉంటుందా?"

"ఉంటుంది."

"వాడు వంటనూనెలో ఏదో ఆకు పసరు కలిపి అమ్ముతాడు. వాణ్ణి రెండుసార్లు లోపలేశాను. నా ఇంటి కోడలు వాడి దగ్గరికి..." చొక్కా మడత నలుగుతున్నా చూసుకోకుండా కమిటీ వైపు తిరిగాడు. తరవాత మైకుని దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, నేను చెప్పింది మీరు రాసుకున్నారు కదా. సగం కొట్టెయ్యండి. నా ఇంట్లో బస్తా ఉన్నది బియ్యం. అది ముందు కొట్టెయ్యండి. పిల్లకి డాక్టరు ఈ మందు చెప్పింది నిజమట, అది ఉంచండి. ఇన్నేళ్లు మేం ఆ మొక్క మీద తాళం వేశాం. వాడి కొట్టు మూతపడలేదు, డాక్టరమ్మ చెయ్యి మూతపడింది. నేనిప్పటికీ తాగి తూలేవాడి పక్షం కాదు. మందుగా అయితే మందుల షాపులో పెట్టండి. బీరువాలో, తాళం కింద. చీటీ ఉంటేనే ఇమ్మనండి. సీసా మీద ఏముందో రాయమనండి. రేపు తేడా వస్తే పట్టుకోడానికి పోలీసుకైనా ఒక అడ్రసు కావాలి కదా? బస్టాండు వెనక ఏ అడ్రసుంది?"

చప్పట్లు కొట్టారు. ఆయన కూర్చోలేదు, తిన్నగా బయటికి నడిచాడు. దారి పొడుగునా మాకు పదడుగుల ముందే నడిచాడు. ఇంటికొచ్చాక అత్తయ్యతో అన్నాడు. "నీ కోడలు నన్ను పదిమందిలో గంజాయి వర్తకుణ్ణి చేసింది."

"అంత వ్యాపారం చేస్తూ నాకు ఒక్క గాజైనా చేయించారు కాదు," అంది అత్తయ్య.

అనుమతి రావడానికి ఎండలూ వానలూ గడిచిపోయాయి. ఆ మధ్యలో ఎన్ని తెల్లవారుజాములు భయపడ్డానో నాకే తెలుసు. చివరికి డాక్టరమ్మ రాసింది, ఆసుపత్రి మందుల షాపులోనే ఇచ్చారు. వేలెడు సీసా. మామయ్య దాన్ని వెలుగుకి పట్టి చూశాడు, మూత తీసి వాసన చూశాడు.

"ముందు నేను వేసుకుంటా."

"మామయ్యా, అది పిల్లది!"

"ఒక్క చుక్క. నాకు తెలియనిది నా ఇంట్లో పిల్లకి పొయ్యనివ్వను."

నాలిక మీద వేసుకుని వాలుకుర్చీలో నిటారుగా కూర్చున్నాడు, చేతులు మోకాళ్ల మీద, చూపు గోడ మీద. మేం గుమ్మంలో నిలబడి ఆయన్ని కాపలా కాశాం. ఎంతకీ కదలడు.

"ఏమైనా ఎక్కిందా?" అని అడిగింది అత్తయ్య.

"చేదు."

"గేటు కనిపిస్తోందా?"

"నోరుముయ్." ఇంకాసేపు కూర్చుని లేచాడు. మొహంలో మోసపోయినవాడి కోపం. "ఏమీ లేదే ఇందులో! దీనికా ఇంత రాద్ధాంతం?" అని చుక్కలేసే గొట్టం నా చేతికిచ్చాడు. "నువ్వే వెయ్యి. నా చెయ్యి వణుకుతోంది."

"అదిగో, ఎక్కింది," అంది అత్తయ్య.

నిజానికి ఆయనది భయం. నాదీ అదే. బుడంకాయ నోరు తెరిచింది, వేశాను, మొహం వంకరలు తిప్పి మింగింది.

ఫిట్స్ పూర్తిగా పోలేదు. తగ్గాయి. వారాల తరబడి రాకుండా ఉన్నాయి. డాక్టరమ్మ పాత మందుల్లో ఒకటి ఆపేసింది. అప్పుడు మొదలైంది. బుడంకాయ గోడల మీద బొగ్గుతో గీతలు గీసింది. ఇస్త్రీ చేసిన దొంతర మీద ఎక్కి గెంతింది. తాతగారి కళ్లజోడుని నీళ్ల తొట్టిలో ఈత కొట్టించింది. వద్దంటే "పో" అంది.

మామయ్య తట్టుకోలేక సీసా పట్టుకుని నాతోపాటు ఆసుపత్రికి వచ్చాడు. దాన్ని డాక్టరమ్మ బల్ల మీద సాక్ష్యంలా పెట్టాడు.

"ఈ మందుకి అల్లరి ఎక్కువవుతుందని ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

డాక్టరమ్మ బల్ల కిందికి వంగి చూసింది. అక్కడ బుడంకాయ ఆవిడ చెప్పులు వేసుకుని, కుడిదానికి ఎడమది మార్చి నడుస్తోంది.

"అది మందు కాదు హెడ్డుగారూ. అది మీ మనవరాలు."