గవ్వల గుడ్డ

సుమతి బొంతలు కుడుతుందని బందరులో చాలామందికి తెలుసు. ఎవరైనా పాత చీరలు మూట కట్టుకుని వస్తే ఆమె ముందు ఆ చీరల్ని చూడదు. అడుగు గుడ్డ ఏం వేయమంటారని అడుగుతుంది. పై గుడ్డ చూసేవాళ్ళ కోసం, అడుగు గుడ్డ కప్పుకునేవాళ్ళ కోసం అని ఆమె ఉద్దేశం. పాలిస్టర్ వేస్తే ఒంటి మీద నిలవదు, తెల్లారేసరికి మంచం కింద ఉంటుంది. మరీ కొత్త గుడ్డయితే గంజి పోయేదాకా గరగరలాడుతుంది. రెండు ముక్కలు కలిపి వేయాల్సి వస్తే అతుకు నడివీపుకి రాకుండా ఓ పక్కకి జరపాలి. ఇవన్నీ ఆమెకి నేర్పింది గుడివాడలో ఉండే పిన్ని పుష్పావతి.

సుమతిని పెంచింది కూడా ఆ పిన్నే. డెబ్భై ఏడు ఉప్పెనలో సుమతి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అప్పటికి ఆమెకి నాలుగేళ్ళు. కోడూరు దాటాక సముద్రం వైపున్న పల్లె వాళ్ళది. తండ్రి వేటకి వెళ్ళేవాడు, తల్లి నాంచారమ్మ చేపల గంప ఎత్తుకుని ఊళ్ళు తిరిగేది. నీళ్ళు వచ్చినప్పుడు తల్లి తన చీర విప్పి దాంతో కూతుర్ని తాటిచెట్టుకి కట్టేసిందనీ, తను కొట్టుకుపోయిందనీ, మర్నాడు ఎవరో సూరయ్య అనే ఆయన విప్పి కాపాడాడనీ పిన్ని చెప్పేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. అడిగితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి లోపలికి వెళ్ళిపోయేది. సుమతి ఆ పల్లెకి మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలని కూడా అనిపించలేదు. యాభై రెండేళ్ళు వచ్చేదాకా అలాగే గడిచింది.

కిందటి అక్టోబరులో వందన అనే లెక్చరర్ గుడివాడ నుంచి వచ్చి వాళ్ళ అత్తగారి చీరలు ఆరు ఇచ్చింది. కూతురికి నెలలు నిండుతున్నాయట, బిడ్డకి పెద్దావిడ చీరలతో బొంత కావాలంది.

"అడుగు గుడ్డ మీ ఇష్టమండీ. పసిబిడ్డ ఒంటికి తగిలేది కదా, మీకే బాగా తెలుస్తుంది."

పసిబిడ్డకి అనేసరికి సుమతి బజారు గుడ్డ జోలికి పోలేదు. పెడన వెళ్ళింది. అక్కడ గణపతి అనే ఆయనకి చిన్న అద్దకం షెడ్డు ఉంది, చెక్క అచ్చులతో కలంకారీ వేస్తాడు. ఏళ్ళ తరబడి తెలిసిన మనిషి. ఆయన బల్ల మీద అయిదారు తానులు పరిచాడు. సుమతి ఒక్కొక్కదాని అంచు తడిపి, తెల్ల చేతిరుమాలుతో రుద్ది చూసింది. ఒకటి రంగు దిగింది. ఒకటి రంగుల మందు వాసన కొట్టింది. ఒకటి బాగానే ఉంది కానీ నేత బిగువు, సూది దిగదు.

"అది చూపించండి," అంది కింది అరలో ఉన్న చుట్టని చూసి.

ముదురు ఎరుపు మీద తెల్లటి చిన్న చిన్న గవ్వలు, వరస వెనక వరస. గుడ్డ ఎన్నో ఉతుకులు చూసినట్టు మెత్తగా ఉంది.

"మా నాన్నగారి అచ్చమ్మా. మొన్న అటక దులుపుతుంటే దొరికింది. పాడవలేదు కదా అని ఓ తాను అద్ది చూశా. అప్పట్లో ఈ గవ్వల చీరలు దీవిసీమ పల్లెలకి మూటలు మూటలు వెళ్ళేవంట. ఉప్పెన తర్వాత నాన్నగారు ఇక వేయలేదు."

"ఎందుకండీ?"

"కట్టుకునేవాళ్ళేరమ్మా," అన్నాడు గణపతి.

సుమతి ఆ మాట విన్నదో లేదో. ఆమె బొటనవేలు ఒక గవ్వ మీదికి వెళ్ళి, ఆ గవ్వ నడుమ ఉన్న గీతని పైకీ కిందికీ నిమురుతోంది. తను నిమురుతున్నట్టు ఆమెకి కాసేపటిదాకా తెలియలేదు. గుడ్డ తీసుకుని వచ్చేసింది.

తొమ్మిది రోజుల్లో బొంత పూర్తయింది. కుట్టడం అయిపోయాక ప్రతి బొంతనీ సుమతి ఒక మధ్యాహ్నం తనే కప్పుకుని పడుకుంటుంది. విరిగిన సూది మొన గానీ, దారం ముడి గానీ ఉంటే ఒంటికి తెలుస్తుంది. ఆ రోజు కూడా అన్నం తిని, గోడ వైపు తిరిగి పడుకుంది.

కాసేపటికి వీపుకి ఏదో ఆనింది.

పిల్లి అనుకుంది. కానీ పిల్లి కాదు. చిన్న వీపు. వెన్నుపూసలు ఒక్కొక్కటీ తన వీపుకి తగులుతున్నాయి. తడిగా, చల్లగా ఉంది. సన్నగా వణుకుతోంది. సుమతి చెయ్యి వెనక్కి పెట్టి చూస్తే ఏమీ లేదు. లేచి కూర్చుంటే మంచం ఖాళీ. మళ్ళీ పడుకుంటే, మళ్ళీ వచ్చి ఆనింది. భయం వేయలేదు ఆమెకి. ఎవరో చెప్పినట్టు గోడ వైపు ఇంకొంచెం జరిగి, బొంత సగం వెనక్కి వదిలింది.

షాపు నుంచి అప్పుడే వచ్చిన భర్త నరేంద్ర గుమ్మంలో ఆగిపోయాడు.

"ఎవరికి కప్పుతున్నావు?"

సుమతి లేచి బొంత మడిచింది. మర్నాడూ ఆ వీపు అలాగే వచ్చి ఆనింది. మూడో రోజు నరేంద్ర నవ్వుతూ ఆ బొంత కింద గంటసేపు పడుకున్నాడు. ఆయనకి చక్కగా నిద్ర పట్టింది తప్ప ఇంకేమీ కాలేదు. "పని ఎక్కువై అలా అనిపిస్తోందిలే," అన్నాడు. కానీ సుమతి అప్పటికే నిర్ణయించుకుంది. ఆ గుడ్డలో మిగిలిన ముక్క ఒకటి బ్యాగులో పెట్టుకుని, పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కింది. అక్కడి నుంచి కోడూరు, కోడూరు నుంచి ఆటోలో పల్లె.

దారి పొడుగునా రొయ్యల చెరువులు. తను పుట్టిన చోటు ఎక్కడో ఆమెకి గుర్తు దొరకలేదు. చేపల వేలం షెడ్డు దగ్గర సూరయ్య గురించి అడిగితే, బల్ల మీద కూర్చున్న ముసలాయన్ని చూపించారు. సూరయ్య తాత ఆయనేనన్నారు. ఎనభై దగ్గర పడ్డ మనిషి, ఒక కన్ను కనపడదు.

"నేను నాంచారమ్మ కూతుర్నండి," అంది సుమతి. "ఉప్పెనప్పుడు మీరు విప్పి తీసుకెళ్ళారంట."

సుమతి గుడ్డ ముక్క తీసి ఆయన చేతిలో పెట్టింది. దాన్ని కనపడే కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఈ గవ్వల చీరే. ముడి తడిసి బిగిసిపోయిందమ్మా. నా దగ్గర కత్తి లేదు. పళ్ళతో కొరికి విప్పా," అన్నాడు చివరికి. "పొట్టి తాడి. మట్టల మధ్య కూచోబెట్టి, వీపుకి వీపు ఆనించి కట్టింది మీ ఇద్దర్నీ. ఆడమనిషి, ఆ గాల్లో ఎట్టా కట్టిందో."

ఇద్దర్నీ అన్నాడా, తను తప్పు విన్నదా?

"నువ్వు కిక్కురుమనలా. వాడే దారంతా ఏడ్చాడు. చంకకి ఒకర్ని ఎత్తుకుని అవనిగడ్డ దాకా నడిచా. శవాల మధ్య నుంచి నడిచామమ్మా. నా వాళ్ళు ఎవరూ మిగల్లేదు, ఈ ఇద్దరైనా బతికారు అనుకుంటా నడిచా. క్యాంపులో మీ పిన్నికి అప్పజెప్పి వచ్చేశా." ఆయన తలెత్తాడు. "తమ్ముడు బాగున్నాడా?"

షెడ్డులో ఎవరో ఐసు కొడుతున్నారు. ఆ చప్పుడు తప్ప సుమతికి ఏమీ వినపడలేదు. ముసలాయన జవాబు కోసం మొహం ఇటు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గర ఉన్నది ఇద్దరైనా బతికారన్న ఆ ఒక్క మాటే అని ఆమెకి తెలిసిపోయింది.

"బాగున్నాడండి," అంది.

"పిల్లలా?"

"ఇద్దరు."

సూరయ్య తల ఊపాడు. గుడ్డ ముక్క మడిచి జాగ్రత్తగా తిరిగి ఇచ్చాడు. "ఓసారి తీసుకురా. చూపు సరిగా లేదు గానీ, చేత్తో చూసుకుంటా," అన్నాడు.

సుమతి ఇంటికి వెళ్ళలేదు. నరేంద్రకి ఫోన్ చేసి చెప్పి, అటు నుంచి అటే గుడివాడ వెళ్ళింది. ఎండ ఇంకా ఉంది. పుష్పావతి వరండాలో కూర్చుని మినప్పప్పు బాగుచేస్తోంది. డెబ్భై మూడేళ్ళ మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఒక్కతే ఉంటుంది. సుమతి గుడ్డ ముక్కని చాటలో పప్పు మీద పెట్టింది.

పిన్ని దాన్ని ముట్టుకోలేదు.

"సూరయ్య బతికే ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు. తమ్ముడు బాగున్నాడా అని అడిగాడు."

పుష్పావతి చాట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడిచింది.

"క్యాంపులో దుప్పట్లు పంచారు. నేను వెళ్ళేసరికి అయిపోతున్నాయి, నా చేతికి ఒక్కటే వచ్చింది. నీకు ఒళ్ళు కాలిపోతోంది. వాడు చల్లగా ఉన్నాడు. జ్వరం లేదు కదా, వాడికేం పర్లేదు అనుకున్నా. నాకు ఇరవై అయిదేళ్ళే సుమతీ, పిల్లల్ని పెంచిన చెయ్యి కాదు నాది. చల్లగా ఉండటం మంచిదే అనుకున్నా. దుప్పటి నీకు చుట్టా."

ఆమె పక్కన పెట్టిన చాటలోని గుడ్డ ముక్క వైపు చూసింది.

"రెండుసార్లు లాక్కున్నాడు. వాడి పిడికిలి విప్పి, మళ్ళీ నీకే చుట్టా. ఊరుకోరా, అక్కకి బాలేదు అన్నా. ఊరుకున్నాడు. తెల్లారి చూస్తే వాడు నీ వీపుకి ఆనుకుని పడుకున్నట్టే ఉన్నాడు. వాణ్ణి తీస్తుంటే నువ్వు లేచి, వాడి దగ్గర పడుకుంటానని ఏడ్చావు."

"నాకు చెప్పాల్సింది పిన్నీ."

"చెప్తే జన్మలో దుప్పటి కప్పుకునేదానివా? ఏడాది పాటు వాడేడని అడిగావు. రోజూ చాప మీద సగం వదిలి పడుకునేదానివి. తర్వాత ఒక రోజు చాప మొత్తం పరుచుకుని పడుకున్నావు. మర్చిపోయావు కదా అని దేవుడికి దణ్ణం పెట్టుకున్నా."

సుమతి లేచి వంటింట్లోకి వెళ్ళింది. టీ పెట్టింది. టీ పొంగి స్టవ్వు మీదంతా పోయినా కట్టేయలేదు. పిన్ని మీద కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు. ఆ దుప్పటి వెచ్చదనం మాత్రం ఉన్నట్టుండి గుర్తొచ్చింది, ఉన్ని గరుకు, మెడ దగ్గర గుచ్చుకోవడం. ఆ వెచ్చదనం ఎవరిదో ఇన్నాళ్ళూ తెలియదు. ఆమె స్టవ్వు గట్టు పట్టుకుని నిలబడి ఏడ్చింది.

బయటికి వచ్చి, "పేరేంటి?" అని అడిగింది.

పుష్పావతి పెదాలు రెండు మూడుసార్లు కదిలాయి. ఆ మాట నోటికి వచ్చి ఎన్నేళ్ళయిందో.

"ఏడుకొండలు. నువ్వు కొండలూ అనేదానివి."

బందరు వచ్చాక సుమతి వందన బొంతకి వేసిన అడుగు గుడ్డ మొత్తం విప్పేసింది. ఒక్కో కుట్టూ తెంపుకుంటూ పోతే రెండు రోజులు పట్టింది. దానికి లేత పసుపు మల్లు గుడ్డ వేసి మళ్ళీ కుట్టి, అనుకున్న రోజుకే ఇచ్చేసింది. గవ్వల గుడ్డకి తన చీరలు వేసి ఇంకో బొంత కుట్టుకుంది. మధ్యాహ్నాలు దాని కింద పడుకునేది. వాడు వచ్చేవాడు. ఆమె జరిగేది. నరేంద్ర ఏమీ అడగడం మానేశాడు, ఆ వేళకి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయేవాడు.

పది రోజులకి పిన్ని ఫోన్ చేసింది.

"ఆ గుడ్డ ఏం చేశావు?"

"బొంత కుట్టాను. నా దగ్గరే ఉంది."

"నాకు ఇస్తావా?"

సుమతి వెంటనే సరేననలేదు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చినవాణ్ణి ఎలా ఇచ్చేస్తుంది? ఫోన్ పెట్టేసి నాలుగు రోజులు ఆ బొంతని ఎవరికీ కనపడకుండా బీరువాలో పెట్టింది. అయిదో రోజు తీసి, ఎండలో వేసి, మడిచి గుడివాడ పట్టుకెళ్ళింది. పుష్పావతి దాన్ని ఒళ్ళో పెట్టుకుని గవ్వల వైపు తిప్పింది. కప్పుకోలేదు. సుమతి వచ్చేసింది.

కార్తీకం వెళ్ళి చలి ముదిరాక, ఒకరోజు పొద్దున్నే మళ్ళీ ఫోన్ వచ్చింది. పిన్ని గొంతు బొంగురుగా ఉంది.

"లాక్కున్నాడే," అంది. "రాత్రి. లాగితే వదిలేశాను. మొత్తం ఇచ్చేశాను."

ఆ మధ్యాహ్నమే సుమతి గుడివాడ వెళ్ళింది. బస్టాండు దగ్గర కొట్టులో మామూలు రగ్గు ఒకటి కొని తీసుకెళ్ళింది. పుష్పావతికి జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది. చాప మీద ఒక చివర, ఉత్త చీర కొంగు కప్పుకుని, ముడుచుకుని పడుకుంది. చాపకి రెండో చివర బొంత పరిచి ఉంది. సుమతి రగ్గు విప్పి పిన్నికి భుజాల దాకా కప్పింది. ఆవిడ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, పక్కనున్న బొంత జారలేదు కదా అని తడిమి చూసుకుంది.

బొంత నడుమ కొంచెం ఎత్తుగా ఉంది. సుమతి దాన్ని సవరించలేదు. పిన్ని ఊపిరి నెమ్మదించేదాకా గోడకి ఆనుకుని కూర్చుని, చెప్పులు చేత్తో పట్టుకుని, నాలుగింటి బస్సుకి బయల్దేరింది.