పచ్చ మచ్చ

హులిగెమ్మకు దొరికిన రాయి కందిగింజంత ఉండేది. తొలకరి వాన పడిన మర్నాడు జొన్నగిరి చేలల్లో ఊరూరంతా నడుములు వంచి వజ్రాలు వెతుకుతుంటే, పెద్దవాళ్లెవరికీ కనబడనిది ఆ తొమ్మిదేళ్ల పిల్ల కంట పడింది. రాయికి ఒకవైపు లేత పచ్చ మచ్చ, ఇంకోవైపు గోరు పట్టేంత నొక్కు. ఆ నొక్కులో గోరు పెట్టుకుంటే గానీ పిల్లకు నిద్ర పట్టేది కాదు. ఆ ఏడే కలరా వచ్చి పిల్లను తీసుకుపోయింది. షావుకార్లు ఎంతమంది అడిగినా తల్లి ఈరక్క రాయి అమ్మలేదు. కొంగున ముడేసుకుని, పొద్దున లేవగానే విప్పి ఆ మచ్చ చూసుకునేది.

కంబన్న ఆమె తమ్ముడు. అమ్మానాన్న పోయాక కూలికి పోయి వాణ్ని చదివించింది ఆమే. ఇప్పుడతను కర్నూలు కాలేజీలో పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేయిస్తాడు. కర్నూలు రాజధాని అయిన మరుసటేడు సెలవులకు వచ్చి, నాలుగు రోజులు రాయి ఇస్తే చూసి తెస్తానన్నాడు. షావుకార్లకు చూపడానికే జంకే మనిషి, తమ్ముడి చేతిలో మారుమాట లేకుండా పెట్టింది.

చూస్తానన్నాడు గానీ కాలుస్తానని చెప్పలేదు. ఇక్కడే అతని మీద ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఆ మచ్చ ఎలా వచ్చిందో అతనికి తెలుసు. భూమిలో రేడియం జాతి ఖనిజాలుంటాయి. వాటినుంచి కంటికి ఆనని కణాలు తూటాల్లా వెలువడి, పక్కనున్న వజ్రంలోకి దూరి అక్కడే ఉండిపోతాయి. దూరేటప్పుడు లోపలి పరమాణువులను వాటి చోట్లనుంచి తోసేస్తాయి. మిగిలిన ఆ ఖాళీల వల్లే పచ్చదనం. వేడి చేస్తే ఖాళీలు కదులుతాయని కంబన్న చదివాడు. కదిలితే రంగు ఏమవుతుందో కళ్లారా చూసి బెంగుళూరులో వజ్రాల మీద పనిచేసే ప్రొఫెసరుకు రాయాలని అతని ఆశ.

రాయిని బొగ్గుపొడిలో పాతి కాలేజీ కొలిమిలో పెట్టాడు. నాలుగు వందల డిగ్రీల దగ్గర తీసి చూస్తే మచ్చ చెక్కుచెదరలేదు. అయిదు వందలకూ అంతే. అక్కడ ఆగి ఉంటే ఈ కథే లేదు. ఇంకొంచెం చూద్దామనుకున్నాడు. ఆరు వందలు దాటాక తీస్తే మచ్చ ఇటుకపొడి రంగులో ఉంది. చల్లారితే మళ్లీ పచ్చబడుతుందేమోనని సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాడు.

ఊరికి తిరిగొచ్చి అతను అరచెయ్యి చాచి చూపిస్తే ఈరక్క రాయిని తాకనైనా తాకలేదు. "ఇది మా రాయి కాదప్పా" అంది.

కంబన్న చెమటలు కక్కుతూ కణాల గురించీ, ఖాళీల గురించీ, కొలిమి గురించీ చెప్పాడు. కానీ ఆ ఊళ్లో రాయి దొరికిన ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి ఒకటుంది. చూసిస్తానని తీసుకుపోయినవాడు వేరే రాయి తెచ్చి పెడతాడు, పెట్టేటప్పుడు మాటలు ఎక్కువ చెప్తాడు.

"అడిగింటే నీకే ఇచ్చేదాన్ని గదప్పా" అంది ఆమె చివరికి. "బిడ్డనే పోగొట్టుకున్నదాన్ని, రాయి ఇయ్యలేనా? మార్చి తెచ్చినావే."

తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఆ పూట సంగటి కూడా పెట్టింది. అతను తింటున్నంతసేపూ పక్కన కూర్చోలేదు, అంతే.

ఆ రాయితోనే కర్నూలుకు వచ్చి కంబన్న ఒక రేడియం గడియారం కొన్నాడు. అద్దం ఊడదీసి, చీకట్లో మెరిసే అంకెల మీద రాయి మచ్చ ఆనేటట్టు కట్టి బీరువాలో పెట్టాడు. మచ్చ పెట్టింది ఆ జాతి కణాలే కదా, మళ్లీ పెట్టవా అని అతని వెర్రి. భూమికి కోట్ల ఏళ్లు పట్టిన పని అని తెలిసీ ప్రతి ఆదివారం విప్పి చూసేవాడు. ఒకసారి పచ్చగా కనబడింది. తీరా చూస్తే కిటికీ అవతలి వేపాకుల రంగు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయింది. అక్కకు రాసిన ఉత్తరాలకు జవాబు రాలేదు. నాలుగేళ్లకు గడియారం అంకెలే మసకబారాయి గానీ మచ్చ మారలేదు.

అప్పుడు ఊరినుంచి కబురొచ్చింది. వెళ్లేసరికి ఈరక్క మంచంలో ఉంది. కళ్లకు పొర కమ్మి చూపు పూర్తిగా పోయింది. అడుగుల చప్పుడుకే "కంబన్నా" అని పిలిచింది. అతను రాయిని ఆమె చేతిలో పెట్టాడు. వేళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి ఒకచోట ఆగాయి. గోరు నొక్కులో కూర్చుంది.

"ఇది హులిగెమ్మ రాయే" అంది. "మచ్చ పచ్చగా ఉండాదా?"

అదే రాయక్కా, నేను మార్చలేదు అనే మాట ఆమె చేత నమ్మించాలని నాలుగేళ్లుగా కాచుకున్నాడు. అది చెప్తే తన మీది నింద పోతుంది. దానితోపాటే ఆమె పచ్చ మచ్చా పోతుంది.

"పచ్చగానే ఉండాదక్కా" అన్నాడు.

"ఇప్పుడన్నా తెచ్చిస్తివి, సాలు."

చేయని దొంగతనాన్ని క్షమిస్తూ ఆమె తడుముకుంటూ తమ్ముడి తల నిమిరింది. తర్వాత రాయిని కొంగున ముడేసుకోబోయింది. వేళ్లు పట్టు తప్పుతుంటే, ఆ ముడి కంబన్నే వేశాడు.