ఏడో స్లైడు

అటెండరు ప్రొజెక్టరు కటకాన్ని మెత్తటి గుడ్డతో మూడోసారి తుడుస్తుంటే ఆఫీసు గుమాస్తా వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఇంక వదిలెయ్యవయ్యా. ఇవాళ నువ్వు పరీక్ష రాసేవాడివి. మీట నొక్కేది నేను.”

అతను గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి దాంతోనే అరచేతులు తుడుచుకున్నాడు. చెమట ఆగడం లేదు.

ఆ చిత్రకళా కళాశాలలో అతనిది ఇరవై ఆరేళ్ల కొలువు. చీకటి గదిలో అందరి వెనక నిలబడి, పాఠం చెప్పే మేడమ్ కర్రతో నేలమీద తట్టగానే స్లైడు మార్చడం అతని పని. చొక్కాజేబులో ఎప్పుడూ అదనపు బల్బు ఒకటి ఉండేది కనక విద్యార్థులు ‘బల్బుగారు’ అని పేరు పెట్టారు. యూరప్ చిత్రకళ చరిత్ర ఏటేటా అతని చేతిమీదుగానే నడిచేది. పునరుజ్జీవన కాలపు మేరీమాతలతో మొదలై, ఏడాది సగానికి డచ్చివాళ్ల వంటిళ్ల దాకా వచ్చేది. ఆధునికుల వంతు వచ్చేసరికి పరీక్షలు నెత్తిమీద పడేవి. వంద స్లైడులు చూపించాల్సిన చోట మేడమ్ పన్నెండింటితో సరిపెట్టేది. ఇరవై ఆరుసార్లు విన్నా ఆధునికం అతనికి అరకొరగానే అందింది.

రెండేళ్ల కిందట చిత్రకళ చరిత్ర డిప్లొమా దరఖాస్తు ముందు పెట్టింది మేడమే. “ఉద్యోగులకి చదువు అర్హతలో మినహాయింపు ఉంది, రాయండి. ఎన్నాళ్లని వెనకే నిలబడతారు?” అంది. పొంగిపోయి సంతకం పెట్టాడే గాని, ఆనాటి నుంచీ కంటిమీద కునుకు లేదు. తప్పితే కోడలి ముందు తలెత్తుకోవడం ఎలా? పాసైతే మాత్రం, ప్రశ్నలు ముందే చూసుకున్నాడని అనరా? అందుకే పదిరోజుల ముందే స్లైడుల బీరువా తాళాలు ప్రిన్సిపాలుకి అప్పగించాడు.

పొద్దున భార్య కళ్లజోడు తుడిచి ఇస్తూ, “పక్కవాళ్ల కాగితంలోకి తొంగిచూస్తారన్న బెంగ నాకు లేదు. మీ కాగితమే మీకు ఆనదు,” అంది. అతనికి నవ్వు రాలేదు.

“ఘనవాదం ముందా, అతివాస్తవికత ముందా?” అని అడిగాడు.

“ముందు తినడం,” అందావిడ.

పదింటికి హాల్లో దీపాలు ఆర్పారు. ఇరవై స్లైడులు, ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. ఆ కాసేపట్లోనే ఏ కాలపు చిత్రమో, ఎందుకలా అనుకున్నారో రాయాలి. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షాధికారి వరసల మధ్య తిరుగుతున్నాడు. చివరి వరసలో కూర్చున్న అటెండరుకి తల మీదుగా వెలుతురు పోవడం వింతగా ఉంది. మూడోదానికి రెండు నగరాల శైలులు కలిపేసి రాసి, కొట్టేశాడు. కలం వేళ్లలో జారుతోంది. ఎలాగో ఆరు జవాబులయ్యాయి.

ఏడోది తెర మీదకి రాగానే ప్రాణం లేచొచ్చింది. కిటికీ పక్కన పాలు వంపుతున్న పనిమనిషి. రెండు మాటలు రాశాడో లేదో, వెనక ప్రొజెక్టరు పంకా రొద సన్నగిల్లి ఆగిపోయింది. బల్బు మాత్రం వెలుగుతూనే ఉంది.

పక్కనే ఉన్న గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ ఆ తేడా తెలియలేదు. నిమిషం దాటితే ఫిల్ము మాడిపోతుందని అతనికి తెలుసు. గుమాస్తా మళ్లీ మళ్లీ మీట నొక్కుతున్నాడు. స్లైడు కదలడం లేదు. తెర మూలన గోధుమరంగు మరక మొదలై, గోడ మీదుగా ఆ పిల్ల భుజం వైపు పాకింది.

అటెండరు లేచాడు. రెండంగల్లో వెళ్లి స్విచ్చి ఆపాడు. ఇరుక్కున్న దాన్ని తియ్యాలంటే స్లైడుల చక్రం మొత్తం పైకెత్తాలి. మిగిలిన పదమూడూ అందులోనే ఉన్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని, వేళ్లతోనే తడిమి స్లైడు బయటికి లాగాడు. చూపుడువేలు చుర్రుమంది.

దీపాలు వెలిగాయి. పరీక్షాధికారి చక్రంలోకి వంగి, స్లైడుల అంచుల మీద రాసిన చిత్రాల పేర్లు చూశాడు.

“ఈ పేర్లన్నీ ఎవరి దస్తూరి?”

“నాదేనండి.”

“కళ్లు మూసుకున్నానంటావు. ఒప్పుకుంటాను. రేపు ఇంకొకరు ఒప్పుకోరు. నీ కాగితం ఇచ్చెయ్యి.”

అటెండరు కాగితం ఇచ్చేశాడు. ఇన్నాళ్లూ భయపడిన మాట వినబడేసరికి, విచిత్రంగా, చేతుల చెమట ఆరిపోయింది.

పరీక్ష అయ్యాక మేడమ్ వెతుక్కుంటూ వచ్చేసరికి మెట్ల మీద కూర్చుని వేలు ఊదుకుంటున్నాడు. ఆవిడ పక్కనే కూర్చుంది.

“ఏడోదానికి ఏం రాద్దామనుకున్నారు?”

“గోడ గురించండీ.”

“గోడా?”

“ఆ పిల్ల వెనక వట్టి గోడే కదండీ. పైన ఒక మేకు ఉంది, దాని నీడా ఉంది. పక్కన మేకులు పీకేసిన బెజ్జాలు. ఎప్పుడో ఏదో తగిలించి తీసేసుంటారు. దేవుళ్లకీ రాజులకీ బొమ్మలేసినంత శ్రద్ధగా పనిమనిషి గోడకున్న బెజ్జం కూడా వేశాడు. కాలం అక్కడ మారిందనుకుంటానండీ.”

ఆవిడ అతని వైపు తిరిగింది.

“ఇన్నేళ్లు ఆ పాఠం చెప్పాను. ఆ మేకు నేను చూడలేదు.”

“మీరు తెర పక్కన నిలబడతారు కదండీ. నాకు ఎదురుగా ఉంటుంది.”

“ఆర్నెల్లకి మళ్లీ పరీక్ష ఉంది. రాయాలి మీరు.”

“ఆధునికం ఒక్కటీ సరిగ్గా చూసుకోవాలండి,” అన్నాడు అటెండరు, మళ్లీ అరచేతులు రుద్దుకుంటూ.

మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ అతనొక్కడికే పాఠం చెప్పింది. ఎన్నడూ బీరువా దాటి రాని స్లైడులు కూడా తెర మీదకి వచ్చాయి. అర్థం కాని బొమ్మ దగ్గర అతను కంగారుపడేవాడు. అర్థమైతే, మర్చిపోతానేమోనని కంగారుపడేవాడు. ఆధునికుల వందలో ఎనభై తొమ్మిదో స్లైడు చూసి ఇంటికి వెళ్లినవాడు మర్నాడు రాలేదు. నిద్రలోనే పోయాడని అతని కొడుకు వచ్చి చెప్పాడు.

పరీక్షనాటికి అతని నంబరు జాబితాలో అలాగే ఉంది. చివరి వరసలో బల్ల మీద అంటించి కూడా ఉంది. గైర్హాజరు అని రాయాల్సిన చోట మేడమ్ చివరిదాకా ఖాళీ వదిలింది. జవాబు పుస్తకాలు పంచుతూ అతని బల్ల మీదా ఒకటి పెట్టింది. గంట కొట్టాక ఆ పుస్తకం వెనక్కి తీసుకున్నారు గాని, అదనపు కాగితాలు కట్టుకోవడానికి ఇచ్చిన తెల్లదారం ముక్క ఒకటి, ముడి పడకుండా, ఆ బల్ల అంచున మిగిలిపోయింది.