ఈకల కోటుకు మూడు దినాలు

మా డోన్ ఎండ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళుగా స్టేషన్ దగ్గరి లాడ్జీల దుప్పట్లు ఉతుకుతున్నాను. మే నెలలో రెండో దుప్పటి దండెం మీద వేసేలోపల మొదటిది అప్పడమై ఉంటుంది. ఆ ఎండను నమ్ముకునే మేం బతికాం. ఆ ఎండను నమ్ముకునే నా బిడ్డ గొంతు కోశాను.

మా భువన గురుకులంలో ఇంటర్ చదువుతుంది. కర్నూలు నుంచి ఏసుకుమార్ సార్ వచ్చి అక్కడి పిల్లలకు కొండలెక్కడం నేర్పిస్తాడు. సెలవులకు ఇంటికొస్తే చాలు, తెల్లారేసరికి మా భువన తడి దుప్పట్ల మూట వీపున కట్టుకొని ఊరవతలి గుట్ట ఎక్కి దిగేది. "నీ కూతురికేమన్నా పిచ్చి పట్టిందా లక్ష్మక్కా?" అని అడిగినవాళ్ళను, "మీ కూతుర్లకు కాళ్ళు పడిపోయినాయా?" అని ఎదురడిగేదాన్ని. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ మాట మా ఆయన ఉరుకుందప్పే పదిమందిలో చెప్పి నవ్వుతాడు.

రెండేళ్ళ కష్టానికి ఫలితంగా ఎంపికైన పదిమంది పిల్లల్లో మా భువన పేరూ వచ్చింది. ఉత్తరాన ఏదో మంచుకొండ. అది ఎక్కినవాళ్ళనే వచ్చే ఏడు ఇంకా పెద్దదానికి తీసుకుపోతారు. మధ్యలో దిగొచ్చినవాళ్ళకు అంతటితో సరి.

ఒక్కొక్కరికి ఒక కోటు ఇచ్చి పంపారు. పోయినేడు పిల్లలు వేసుకున్నవే. లోపలంతా బాతు ఈకలట. మెత్తగా, ఉబ్బుగా, చేతిలో బరువే తెలియదు. కంపు మాత్రం చెమటా కిరసనాయిలూ కలిపి కొట్టింది. ఉతుక్కొని తెచ్చుకోమని సార్ ఒక కాగితం కూడా రాసిచ్చాడు. భువన నాకు చదివి వినిపించింది.

"చన్నీళ్ళల్లో కొంచెం షాంపూ ఏసి ఉతకాలంట మా. పిండకూడదు, బండకేసి కొట్టకూడదు, ఇస్త్రీ పెట్టకూడదు. నీడన పరిచి తిప్పుతా ఉండల్ల. ఉండలు కట్టిన ఈకల్ని ఏళ్ళతో ఇడదీస్తా ఉండల్ల. మూడు దినాలు పడుతుందంట. పైన ఎండినట్టే కనపడ్తాది, నమ్మొద్దు అని రాసినాడు."

"మూడు దినాలా?" అని నవ్వాను. "మీ సార్ ఎప్పుడన్నా గుడ్డ ఉతికినాడా? మన ఎండకు అది గంట పని."

అవి పెళ్ళిళ్ళ రోజులు. లాడ్జీలు నిండిపోయి దుప్పట్లు గుట్టలుగా పడ్డాయి. వాటిని ఆపితే ఇంకొకరికి పోతాయి. కోటు మేకుకు వేలాడుతూనే ఉంది. భువన రోజూ అడిగేది, నేను రోజూ రేపనేదాన్ని. ఎనిమిది రోజులు అట్లా పోయాయి. ఆదివారం మధ్యాహ్నం కర్నూలులో సామాను చూసి, అటునుంచి అటే రైలెక్కిస్తారు. నేను కోటు నీళ్ళలో పెట్టింది శనివారం పొద్దున.

ఉతకడంలో తప్పు చేయలేదు. ఆ మాట ఎవరి ముందైనా అంటాను. తొట్టిలో మునగేసి, అరచేతులతో అదిమి అదిమి మురికి తీశాను. నాలుగుసార్లు నీళ్ళు మార్చాను. ఎత్తేటప్పుడు పసిబిడ్డకు చేయి పెట్టినట్టు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాను. అంత తేలికైన కోటు తడిసిన వడ్ల మూటంత బరువైంది. నులక మంచం మీద పరిచాను. గంటలో పైబట్ట గరగరలాడింది.

"చూసినావా?" అన్నాను భువనతో.

అది కోటు వీపు దగ్గర నొక్కింది. లోపల ఈకలు పత్తికాయల్లా ఉండలు కట్టి ఉన్నాయి. అప్పుడు నాకు మొదటిసారి భయమేసింది. ఆ రోజంతా ఇద్దరం మంచానికి చెరొక పక్క కూర్చొని ఉండలు విడదీశాం. కోటు చేతులు తేరుకున్నాయి, ముందువైపు ఉబ్బింది. వీపు మాత్రం ఉబ్బలేదు. ఆదివారం పొద్దున ఇంకోసారి చూశాను. మే నెలలో మా ఇంట్లో చల్లగా ఉండేవి రెండే రెండు, కుండలో నీళ్ళు, ఎండని గుడ్డ. నా చేతికి ఆ వీపు చల్లగా తగిలింది.

బస్సుకు టైమైంది. "పూరా ఎండిందా మా?" అంది భువన.

"ఎండింది," అన్నాను.

కర్నూలులో పిల్లలూ తల్లిదండ్రులూ వరసగా నిలబడ్డారు. ఏసుకుమార్ సార్ ఒక్కొక్క కోటూ పట్టి చూశాడు. ఒకదానికి ఇస్త్రీ పెట్టి మాడ్చారు, ఒకదాన్ని పిండి కుట్లు తెంపారు. వాళ్ళను తిట్టి, వేరే కోట్లు తెచ్చిచ్చాడు. అట్లా ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నాయని అప్పుడే నాకు తెలిసింది. మా వంతు వచ్చింది. ముందువైపు నొక్కి చూసి మెచ్చుకున్నాడు.

"ఇది చూడండప్పా, ఇట్లుండల్ల. మూడు దినాలు ఆరబెట్టినారు గదమ్మా?"

అందరూ నావైపే చూస్తున్నారు. పద్దెనిమిదేళ్ళుగా ఉతుకుతున్నాను, ఒక్కరూ నన్ను అట్లా మెచ్చుకున్నది లేదు.

"మూడు దినాలూ ఆరబెట్టినా సార్," అన్నాను.

భువన నా ముఖంలోకి చూసింది. సార్ కోటును చిన్న సంచిలో కుక్కి, తాడు బిగించి దాని చేతికిచ్చాడు.

పద్దెనిమిది రోజులకు పిల్లలు తిరిగొచ్చారు. తొమ్మిదిమంది ఎక్కారు. భువన పైశిబిరం నుంచి దిగొచ్చేసింది. "భయపడి వెనుదిరిగింది" అని గురుకులానికి పంపిన కాగితంలో రాశారు. ఆ మాట దానికంటే ముందే డోన్ చేరింది. కొళాయి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి గొంతు తగ్గించారు. వాళ్ళ జుట్లు పట్టుకుందామనిపించింది. ఇంటికొచ్చి భువన సంచి విప్పాను.

కోటు తీయగానే ముక్కిన వాసన కొట్టింది. వీపంతా ఉండలు, ఉండల మధ్య ఉత్త గుడ్డ. రెండు పక్కలా చేతులు పెడితే అవతలి చేతి వేళ్ళు తగిలాయి.

"నువ్వు భయపడలేదు," అన్నాను.

"భయమే మా."

"అబద్ధాలాడొద్దు. ఇది ఏసుకొని నువ్వు ఆ మంచులో యాడికి పోతావు? సార్‌కు ఎందుకు జెప్పలేదు?"

"ఏమని జెప్పల్ల? మూడు దినాలు ఆరబెట్టినా అని అందరి ముందర నువ్వే జెప్తివి గదా. రెండు గంటలు ఎక్కినా మా. ఈపు గడ్డకట్టింది. సార్ ఏమైందని అడిగితే భయమైతాండాది అన్యా."

నాకు ఏడుపు కూడా రాలేదు. నా పరువు కోసం నా బిడ్డ పిరికిదనిపించుకుంది. "నేను పోయి ఉన్నదున్నట్టు జెప్తా," అన్నాను. "ఆయనే ఇంగో అవకాశం ఇస్తాడు." భువన నమ్మిందో లేదో తెలియదు. మరుసటి రోజు మాత్రం తన బూట్లు కడిగి గోడ మీద ఎండకు పెట్టింది. వచ్చినప్పటి నుంచీ అది వాటిని ముట్టుకోలేదు.

ఈసారి లాడ్జి దుప్పట్లు పక్కన పడేసి కోటు ఉతికాను. నీడన ఐదు రోజులు ఆరబెట్టాను. గంటకొకసారి తిప్పాను, ఒక్కొక్క ఉండా వేళ్ళతో విడదీశాను. వీపు బూరెలా పొంగింది. చేయి పెడితే గోరువెచ్చగా ఉంది. దాన్ని తీసుకొని కర్నూలు పోయాను.

ఏసుకుమార్ సార్ ముందర వచ్చే ఏటి పిల్లలు, వాళ్ళ తల్లులు కూర్చొని ఉన్నారు. ఆయన కోటు పట్టి చూసి వాళ్ళకు చూపించాడు. "ఈమె లక్ష్మక్క. ఈకల కోటు ఎట్ల ఉతకాల్నో ఈమెనడిగి నేర్చుకోండమ్మా." తర్వాత నాతో మెల్లగా అన్నాడు. "భువనను తిట్టొద్దమ్మా. భయం శానామందికి ఉంటాది. అదేం తప్పు కాదు."

ఇప్పుడు చెప్పాలి. ఆ తల్లులందరూ నన్నే చూస్తున్నారు.

"సరే సార్," అన్నాను.

ఇంటికి వచ్చేసరికి భువన వాకిట్లో నిలబడి ఉంది. "ఏమన్యాడు సార్?"

"కోటు బాగా ఎండిందన్నాడు."

అది నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. గోడ మీది బూట్లు తీసుకొని లోపలికి పోయింది.