చాటంత చుక్క

ముందే చెబుతున్నాను, రంగు నాది. మచ్చ నాది కాదు. మట్టెవాడ చేనేత సొసైటీలో ఇరవై ఆరేళ్లుగా నూలుకు రంగులు వేస్తున్నాను. గౌస్ పాషా వేసిన రంగు వెలిసిందని ఒక్క మనిషి అనలేదు. అన్నవాడుంటే వాణ్ణి రంగు గోళెంలో ముంచి తీసేవాణ్ణి. అందుకే ఆ రోజు మేజర్ సాబ్ ఫోటో తీసి బల్ల మీద కొట్టినప్పుడు నాకు ముందు కోపమే వచ్చింది. భయం తర్వాత వచ్చింది.

జరిగింది మొదటి నుంచి చెబుతాను. ఎనభై ఆరులో దసరా వెళ్లిన వారానికి మా షెడ్డు ముందు మిలిటరీ జీపు ఆగింది. అప్పటిదాకా మేం నేసినవి పెళ్లిళ్లలో పరిచే జంపఖానాలు. దిగినాయన ఒక మేజరు. చేతిలో పాలపొడి డబ్బా, డబ్బా నిండా ఇసుక. "ఈ రంగు పరదాలు నలభై కావాలి, ఎడారిలో లారీల మీద కప్పడానికి" అన్నాడు హిందీలో. సొసైటీ ప్రెసిడెంటు లింగమూర్తికి హిందీ అంటే చెమటలు. నన్ను ముందుకు తోశాడు. అలా రంగు మేస్త్రీని కాస్తా దుబాసీనయ్యాను.

మేజర్ మంచి మనిషి, మాస్టారులా చెప్పాడు. నేసేవాళ్లకు ఎందుకు నేస్తున్నామో తెలియాలన్నాడు. అందర్నీ కూర్చోబెట్టాడు. ఆయన చెప్పడం, నేను తెలుగులో అందుకోవడం. పరాయి దేశాలవి నిఘా ఉపగ్రహాలు ఉంటాయి. ఆకాశంలో తిరిగే కెమెరా అనుకోండి. అది తిరిగే బాటను కక్ష్య అంటారు. మన చోటు మీదికి వచ్చే వేళ మనవాళ్లకు ముందే తెలుస్తుంది. దాన్ని పాస్ టైం అంటారు. ఆ వేళకు లారీలన్నీ పరదాల కింద, మనుషులంతా పరదాల కింద. దానికి ఎంత చిన్న వస్తువు కనిపిస్తుందో ఆ కొలతను రిజల్యూషన్ అంటారు.

వెనక వరసలోంచి లచ్చవ్వ లేచింది. పరదాల అంచులు కుట్టి, మడతలు పెట్టేది ఆమే. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకును ఆ సూదితోనే పెంచింది. ఆ కొడుకు రాయమల్లు మిలిటరీలో డ్రైవరు. ఎడారిలో ఎక్కడో ఉన్నాడని ఉత్తరం.

"పాషా తమ్మీ, జర సారును అడుగు. ఆ పైనున్న కన్నుకు ఎంత చిన్నది కానొస్తది?"

అడిగాను. మేజర్ రెండు చేతులు చాపి చూపించాడు. "చాటంత" అన్నాను నేను. "అంతకు చిన్నదైతే దానికి కానరాదు అక్కా."

"గట్లనా! చాటంతనా!" అని కూర్చుంది. నేను నవ్వాను కూడా. ఎందుకు అడిగిందో ఒక్క ముక్క ఆలోచించలేదు. ఏం తెలివి నాది!

ఇసుక డబ్బా పక్కన పెట్టుకుని పదకొండు సార్లు రంగు కలిపాను. పన్నెండోసారి నూలు ఇసుకలో పెడితే ఇసుకేదో నూలేదో నాకే తెలియలేదు. ఒకరోజు గోళెం దగ్గర ఉండగా లచ్చవ్వ వచ్చింది.

"తమ్మీ, మసి బట్టకు పట్టుకోని ఇడువకుండ ఉండాలంటే ఏం కల్పాలె?"

"అవిసె నూనె కలుపు. ఏడు వానలు పడ్డా పోదు. ఎందుకక్కా?"

"ఉన్నది ఒక పని."

మడతల మీద లెక్క గుర్తులేమో అనుకున్నాను. డిసెంబరులో నలభై పరదాలూ మడతలు పెట్టి తెచ్చింది. ఒక్కటి కూడా విప్పి చూడకుండా అన్నింటికీ 'చూడబడినది' అని ముద్ర కొట్టాను. లచ్చవ్వ చేతి పని విప్పి చూడడమేంటి, ఎప్పుడైనా చూశామా!

మళ్లీ సంక్రాంతి వెళ్లి పదిరోజులు కాకముందే అదే జీపు వచ్చింది. ఈసారి మేజర్ నవ్వలేదు. వెంట ఇంకో ఇద్దరు. షెడ్డు గుమ్మం దగ్గర ఒక జవాను నిలబడ్డాడు. మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

బల్ల మీద కొట్టిన ఫోటో చూశాను. పైనుంచి తీసింది, మన విమానంలోంచే పరీక్ష కోసం. ఇసుక మీద పరదాలు వరసగా పరిచారట. నా రంగుకు వంక లేదు, పరదా అంచు ఎక్కడుందో ఫోటోలో తెలియడం లేదు. కాని నల్లటి చుక్కలు! వరసగా, గుండ్రంగా, లెక్కపెట్టుకోవడానికి వీలుగా ముప్ఫై తొమ్మిది చుక్కలు.

"ఏమిటివి?" అన్నాడు మేజర్.

అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవడ్రా నా రంగు మీద మసి పూసింది?" అని షెడ్డు దద్దరిల్లేలా అరిచాను. లింగమూర్తి నా చెయ్యి పట్టుకుంటే విదిలించుకున్నాను. "ఇసుకల ఇసుక కలిసినట్టు కలిపిన! ఎవని చేతులు ఇరగ్గొట్టాలె చెప్పుండ్రి!"

"తమ్మీ, కానొచ్చిందా?"

లచ్చవ్వ. సూది చేతిలోనే ఉంది. ముఖం వెలిగిపోతోంది. బల్ల దగ్గరికి వచ్చి ఫోటో మీదికి వంగింది.

"అబ్బ, మంచిగ కానొస్తాన్నయి! నేనే పెట్టిన. చాటంత అంటివి గదా, నేను ఇంకో జానెడు ఎక్కువనే పెట్టిన. చిన్నగ పెడితే ఆ పాడు కన్నుకు ఆనదాయె."

ఒకసారి ఫోటోను, ఒకసారి ఆమె ముఖాన్ని చూశాను.

"ఎందుకు పెట్టినవక్కా?" అన్నాను.

"ఎందుకేంది? దిష్టి చుక్క. కన్ను చుక్క మీద పడ్డంక పిల్లగాని మీద పడుతదా? నలభైల ఏది నా రాయమల్లు మీదికి పోతదో ఎవలకెరుక? అందుకే అన్నిటికీ పెట్టిన. తక్కినోళ్లు మాత్రం తల్లులు కన్న పిల్లలు కారా?"

కొత్త మగ్గం దించితే చుక్క, కొత్త ఇల్లు కడితే చుక్క, పసిపిల్ల గడప దాటితే చుక్క. ఇది మట్టెవాడలో ఎవరికి తెలియదు? నా భార్య రహీమాబీ కూడా పిల్లల చెంపకు కాటుక అద్దందే బడికి పంపదు. ఆకాశంలో కన్ను ఉందని ఆ తల్లికి చెప్పింది నేను. అది ఎంత చిన్నది చూడగలదో చెప్పింది నేను. మసి ఎలా ఊడకుండా ఉంటుందో చెప్పింది కూడా నేనే. ఇప్పుడు ఎవరి చేతులు విరగ్గొట్టాలి?

ఉన్నదున్నట్టు మేజర్‌కు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"కట్టుకథ. ముప్ఫై తొమ్మిదే ఫోటోలో ఉన్నాయి. నలభయ్యోది ఎక్కడుందో తెలుసా? అవసరమై ముందే సరిహద్దుకు పంపాం, ఒక వైర్‌లెస్ లారీ మీదికి. నాలుగు రోజుల కింద పాస్ టైంలో ఆ లారీ పైన ఒక మనిషి దొరికాడు. అందరూ పరదా కింద దాక్కునే వేళకు ఆ లారీ డ్రైవరు పరదా మీదికి ఎక్కి పడుకున్నాడు. అంతకుముందు కూడా రోజూ ఎక్కేవాడని తోటివాళ్లు చెప్పారు. ఉపగ్రహానికి సైగ చేస్తున్నాడని అనుమానం. ఎందుకెక్కావంటే నోరు విప్పడు. కట్టేసి ఉంచాం. నేరం రుజువైతే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. వాడిది ఈ ఊరే. పరదాలూ ఈ ఊరివే. అందుకే వచ్చాను."

"పేరు?" అన్నాను. తెలిసే అడిగాను.

"రాయమల్లు."

హిందీ రాకపోయినా పేరుకు తర్జుమా అక్కర్లేదు. లచ్చవ్వ నా చొక్కా పట్టుకుంది. "నా కొడుకు పేరు ఎందుకు తీస్తాండు? ఏమైంది తమ్మీ? ఉన్నడా?"

చెప్పాను. అబద్ధం ఆడదామనుకున్నాను, నోరు రాలేదు. మొత్తం చెప్పాను. ఆమె వింటూ వింటూ నేల మీద కూర్చుండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అందరు కింద దాసుకునే యాళ్లకు... నా కొడుకు మీద పండుకున్నడా?" అంది. "నా చుక్కను కప్పుకుంట పండుకున్నడా తమ్మీ?"

నాకు అప్పుడు అర్థమైంది. తల్లి కుట్టు కొడుక్కు తెలియదా? చుక్క ఎవరు పెట్టారో చెబితే ఆమెను పట్టుకుపోతారని నోరు కుట్టేసుకున్నాడు.

"నన్ను పట్కపొండ్రి సారూ" అని లచ్చవ్వ రెండు చేతులూ మేజర్ ముందు చాపింది. "వాని తప్పేం లేదు. నేనే. నా చేతులే."

మేజర్ కరిగినట్టు కనిపించలేదు. "చదువుకోని వాళ్లైనా ఇంత పిచ్చి పని ఎవరైనా చేస్తారా? కోర్టులో ఎవరు నమ్ముతారు?" అన్నాడు.

అంతే, నాకు మళ్లీ కోపం తన్నుకొచ్చింది. మిలిటరీ అనీ, గుమ్మంలో తుపాకీ ఉందనీ చూడలేదు. మేజర్ చెయ్యి పట్టి జీపు దాకా లాక్కెళ్లాను. గుమ్మం దగ్గరి జవాను ఉరికి వచ్చాడు. ముందు బంపరు కింద నల్లతాడుకు ఎండిన నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు వేలాడుతున్నాయి. పొద్దున జీపు ఆగినప్పుడే చూశాను.

"ఇదేంటి సాబ్? ఏ కోర్టుకు చెప్పి కట్టారు ఇది?"

మేజర్ డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు తల దించుకున్నాడు. ఆ నిమ్మకాయను మేజర్ వంగి చూశాడు. తర్వాత లోపలికి వచ్చి, మిగిలిన పరదా గుడ్డ పరిపించి, లచ్చవ్వతో చుక్క పెట్టమన్నాడు. ఆమె మసి అద్దింది. కుడి అంచుకు మూరెడు లోపల, పిల్లవాడి చెంప మీద పెట్టినట్టు. ఫోటోలో ఉన్న చోటే. మేజర్ తానే టేపుతో కొలిచాడు.

వాంగ్మూలం రాశారు. లచ్చవ్వ వేలిముద్ర వేసింది. కింద నేను కూడా రాయించాను: చాటంత అని చెప్పింది నేను, అవిసె నూనె చెప్పింది నేను, విప్పి చూడకుండా ముద్ర కొట్టింది నేను. లింగమూర్తి వద్దని సైగ చేస్తూనే ఉన్నాడు. వాడి సైగ ఎవడికి కావాలి?

సొసైటీకి మిలిటరీ ఆర్డరు పోయింది. నా మేస్త్రీ పని ఆర్నెల్లు ఆపేశారు. పోనీ. రాయమల్లు సంగతి మాత్రం రెండు నెలలు దాటేదాకా తెలియలేదు. ఆ రెండు నెలలూ లచ్చవ్వ సూది ముట్టలేదు, మసి ముట్టలేదు, పైకి చూడలేదు. ఎండ చూసి వేళ చెప్పే మనిషి వేళ అడగడం మొదలుపెట్టింది.

ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం రాయమల్లు వచ్చాడు. చిక్కిపోయాడు, మీసాలు తీసేసి ఉన్నాడు. అనుమతి లేకుండా బయట తిరిగినందుకు ఇరవై ఎనిమిది రోజుల శిక్ష వేసి, సైగ చేశాడన్న నేరం కొట్టేశారట. లచ్చవ్వ వాణ్ణి తడిమి తడిమి చూసింది. నేను ఆగలేక అడిగాను.

"చుక్క మీద మట్టి పుయ్యకపోతివా బిడ్డా?"

"పూసిన మామా. నూనె మసాయె, మట్టి ఎండినంక రాలుతాంది. అందుకే పాస్ టైంకు జర ముందుగాల ఎక్కి, ఇసుక పోసి, గాలికి పోకుండ మీద పండుకునేది. లారీల ఇంక ముగ్గురు ఉండిరి మామా. వాళ్లకు చుక్క సంగతి చెప్పలే."

"రోజూ ఎక్కినవారా? ఎన్ని రోజులు?"

"పంతొమ్మిది."

లచ్చవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంతొమ్మిది రోజులు. మేం ఇక్కడ జొన్నరొట్టెలు తింటున్న వేళకు.

వారం తర్వాత వాడు మళ్లీ పనిలోకి బయల్దేరాడు. నేనూ రహీమాబీ వెళ్లాం. సంచి భుజాన వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. లచ్చవ్వ చెయ్యి అలవాటు ప్రకారం దీపం గూట్లోకి పోయింది. వేలికి మసి అంటింది. వాడి చెంప దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. ఆ వేలును చూసుకుంటూ ఆమె ఒక్క అడుగు వెనక్కి వేసింది. కొంగుకు గట్టిగా తుడుచుకోబోయింది.

రాయమల్లు తల్లి చెయ్యి పట్టుకున్నాడు. వంగి చెంప చూపించాడు.

"పెట్టవే అవ్వా" అన్నాడు. "జర చిన్నది."